గొంతు నాదే, ఆవేశం ఎవరిది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 31 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక పాటంటే శ్రావణ శుక్రవారాలకూ త్యాగరాజ ఆరాధనకూ మాత్రమే. మా పిన్ని అంగన్‌వాడీ టీచర్. 2023 డిసెంబరులో వాళ్ళు సమ్మెలో ఉన్నప్పుడు ఆమెకు టిఫిన్ ఇద్దామని శిబిరానికి వెళ్ళాను. అక్కడి ఆడవాళ్ళు జోలపాట బాణీలో సొంతంగా కట్టుకున్న పాట పాడుతున్నారు. ఊళ్ళో పిల్లలందరినీ నిద్రపుచ్చే తల్లికి, సొంత బిడ్డకు జోల పాడే తీరిక ఎప్పుడొస్తుందని ఆ పాట. పిన్ని బలవంతం మీద నేనూ అందుకున్నాను. రెండో చరణం దగ్గర గొంతు పూడుకుపోయింది. ఎవరో వీడియో తీశారు. అది తిరిగి తిరిగి మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. మామగారు చూసి, "మనింట్లో పాటంటే దేవుడి పాట. జెండాల కింద కూర్చుని పాడటానికా మీ నాన్న నీకు సంగీతం చెప్పించింది?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. తెల్లారితే ఘంటసాల భగవద్గీత పెడతారు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు ఆయనకు నోటికొచ్చు. మావారు మాత్రం అటూ అనలేదు, ఇటూ అనలేదు.

నన్ను తొలిచేస్తున్న సంగతి ఇంకొకటుంది. 2024 ఎన్నికలప్పుడు ఒక పార్టీ ప్రచార రథం మా వీధిలోకి వచ్చింది. ఆ పార్టీ అంటే నాకు అసలు పడదు. అయినా ఆ పాట వినగానే ఒళ్ళు పులకరించింది. సాయంత్రం వంటింట్లో నాకు తెలియకుండానే కూనిరాగం తీశాను. అప్పటినుంచీ అనుమానం పట్టుకుంది. శిబిరంలో నాకు వచ్చిన కన్నీళ్ళు కూడా ఇలాంటివేనా? నేను నమ్మి పాడానా, చప్పట్ల కోసం పాడానా? వచ్చే మార్చి 8న మహిళా దినోత్సవ సభలో అదే పాట పాడమని పిన్ని వాళ్ళు అడుగుతున్నారు. పాడాలా, వద్దా? మామగారికి ఏమని చెప్పాలి?

జవాబు: అమ్మా, మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నీకు నచ్చని సంగతి చెప్పేస్తాను. ప్రచార రథం వచ్చినప్పుడూ, శిబిరంలో పిన్ని పక్కన కూర్చున్నప్పుడూ నీ ఒళ్ళు ఒకే రకంగా పులకరించి ఉంటుంది. ఒంటికి పార్టీలు తెలియవు. మన దగ్గర ప్రచార పాటలు ఎలా తయారవుతాయో చూస్తూనే ఉన్నాం గదా. జనం నోళ్ళలో నానిన సినిమా పాట ఒకటి పట్టుకుంటారు. బాణీ అలాగే ఉంచి మాటలు మారుస్తారు. హీరోని పొగిడిన చోట నాయకుడిని పొగుడుతారు. ఆ బాణీ మీద నీకు అంతకుముందే మమకారం ఉంది. ఏ పెళ్ళిలోనో, తెనాలి బస్సులోనో, కాలేజీ యానివర్సరీలోనో విన్న పాట అయి ఉంటుంది. ఆ పాత సంతోషమంతా వడ్డీతో సహా కొత్త మాటల ఖాతాలో జమవుతుంది. పైగా వ్యాను మీద నిలువెత్తు స్పీకర్లు. ఆ దెబ్బ చెవికన్నా ముందు గుండెల మీద పడుతుంది. ఇంత ఏర్పాటు చేసింది నీ ఒళ్ళు పులకరించాలనే, పులకరించింది. దానికి నువ్వెవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. వంటింటి కూనిరాగాలకు ఓటు హక్కు లేదు.

అయితే శిబిరంలో కన్నీళ్ళు కూడా అంతేనా అన్నావు. నువ్వు లెక్కల టీచరువి. ఆన్సరు కరెక్టుగా వేసి, పైన స్టెప్పులేమీ రాయని పిల్లవాడి పేపరు నీ చేతికి వస్తే ఏం చేస్తావు? పక్కవాడి దగ్గర చూసి వేశాడేమో అనుకుంటావు. పిలిచి, ఇది ఎలా వచ్చిందో చెప్పమంటావు. వాడు చెప్పగలిగితే మార్కులు వేస్తావు. పాట విన్నప్పుడు వచ్చే కన్నీళ్ళు అచ్చం ఆ ఆన్సరు లాంటివి. తప్పని కొట్టెయ్యనూ కూడదు, అలాగే ఒప్పేసుకోనూ కూడదు. స్టెప్పులు వెనక్కి వెళ్ళి నువ్వే రాసుకోవాలి. నీ లెక్కలో ఆ స్టెప్పులేమిటో నాకు తెలిసినంత వరకూ కింద రాస్తాను. ఈలోగా మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి.

మేం విజయవాడలో సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం, రైల్వే క్వార్టర్సులో. ఇంట్లో రేడియో ఒక్కటే వినోదం. ఒకరోజు మధ్యాహ్నం అందులో ఘంటసాల పాడిన పుష్పవిలాపం వచ్చింది. కోయబోయే చెయ్యిని చూసి పూలు మొరపెట్టుకునే ఆ పద్యాలు రాసిన కరుణశ్రీ, మీ గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషే. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. చేట పక్కన పెట్టేసి పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. మర్నాడు పెరట్లో మందారాలు కోయలేదు. దేవుడికి అక్షింతలతోనే పూజ. నాన్న ఎగతాళి చేశారు. నాలుగు రోజులు అలాగే గడిచింది. ఐదో రోజు శుక్రవారం, అమ్మ సజ్జ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. అమ్మా, పూలు ఏడుస్తాయన్నావు గదా అని నేను దెప్పాను. ఏమీ అనలేదు. కాకపోతే అంతకుముందు చెట్టు బోడిగా అయ్యేదాకా కోసే మనిషి, ఆ రోజు ఐదారు కోసి ఆపేసింది. ఆ తర్వాత ఎప్పుడూ అంతే. కింద రాలిన పారిజాతాలుంటే ముందు అవి ఏరుకునేది.

పాట ఏం చేయగలదు అని ఎవరైనా అడిగితే నాకు ఆ సజ్జే గుర్తుకొస్తుంది. నాలుగు రోజుల కన్నీళ్ళు ఎండిపోయాయి. ఎండిపోవడం సహజం, లేకపోతే ఇంట్లో పనులు ఎవరు చేస్తారు? కానీ ఐదో రోజు ఆ చెయ్యి ఎక్కడ ఆగింది అన్నది పాట చేసిన పని. అంచేత నిన్ను ఒకటి అడగాలి. ఏమీ అనుకోకుండా చెప్పు. ఆ సమ్మె 42 రోజులు సాగి 2024 జనవరిలో ముగిసింది. ముగిశాక మీ పిన్నితో ఆ సంగతి మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడావా? నీ ఉత్తరంలో నీ గొంతు ఉంది, వీడియో ఉంది, మామగారు ఉన్నారు, నీ అనుమానం ఉంది. పిన్ని మాత్రం టిఫిన్ దగ్గరా, బలవంతం దగ్గరా, మార్చి 8 దగ్గరా తళుక్కుమని మాయమైంది.

దెప్పుతున్నానని అనుకోకు. అలా దెప్పే అర్హత నాకు లేదు, ఎందుకో చెబుతాను.

1972 చివర్లో నాకు పదకొండేళ్ళు. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత మా ఆంధ్ర మాకు వేరే రాష్ట్రంగా కావాలంటూ కోస్తా అంతటా జై ఆంధ్ర ఉద్యమం లేచింది. విజయవాడలో రోజూ ఊరేగింపులే, బందులే. బడులు మూతపడ్డాయి. పిల్లలకు అంతకన్నా పండగేముంది? మా లైన్లో పెద్దపిల్లలు ఒక సినిమా బాణీలో నాలుగు పంక్తుల పాట కట్టారు, మీ ఊరికి మీరు పొండి అనే ధోరణిలో. గొంతు బాగుందని నన్ను ముందు నిలబెట్టారు. మా వరసలోనే తెలంగాణలోని కాజీపేట నుంచి బదిలీ మీద వచ్చిన రైలు గార్డుగారి ఇల్లు ఉంది. ఆయన కూతురు నా క్లాసే, నా బెంచీయే. ఆ ఇంటి ముందు ఆగి పాడాం. ఆ అమ్మాయి కిటికీలోంచి చూసింది. నన్ను చూసింది. నేను ఆపలేదు. బాణీ మధ్యలో ఉంది, వెనక పిల్లలు అందుకుంటున్నారు, చప్పట్లు పడుతున్నాయి. ఆపాలని తోచినట్టు కూడా గుర్తులేదు. బడి తెరిచేసరికి ఆ బెంచీలో నా పక్క చోటు ఖాళీ. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ ఉద్యమం తప్పా ఒప్పా అన్న చర్చ వేరు, అది ఇక్కడ చేయను. నాకు పదకొండేళ్ళకు ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. ఉన్నదల్లా ఒక బాణీ, పది గొంతులు. ఆ రోజు నాకూ ఒళ్ళు పులకరించింది. ఇప్పటికీ ఆ నాలుగు పంక్తులూ గుర్తున్నాయి, ఆ అమ్మాయి ఇంటిపేరు మాత్రం గుర్తుకు రాదు. ఆ పాటలో కూడా ఆ అమ్మాయి పేరు లేదు మరి. "మీరు" అని ఉంది, అంతే. ఆ "మీరు"లో ఎంతమందినైనా పడెయ్యొచ్చు.

నువ్వు పాడిన జోలపాట అలా లేదు. నువ్వు రాసిన దాన్ని బట్టి చూస్తే అందులో ఒక తల్లి ఉంది, ఆమె చంకలో పరాయి బిడ్డ ఉంది, ఇంట్లో ఏడ్చే సొంత బిడ్డ ఉంది. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ పొగడలేదు. ప్రచార రథం పాటకూ దీనికీ నీ ఒంట్లో తేడా కనిపించకపోవచ్చు, మాటల్లో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రచార పాట చేసే పనికి మన భాషలో పాత మాట ఒకటుంది గదా, నరస్తుతి, అంటే మనిషిని పొగడటం. నిధి చాల సుఖమా నువ్వు నేర్చుకునే ఉంటావు. కల్యాణి రాగం నేర్చుకున్నవాళ్ళు ఆ కృతి దాటి పోలేరు. చరణంలో త్యాగయ్య తన మనసునే నిలదీస్తాడు, మమతల బంధనాలతో కూడిన నరస్తుతి సుఖమా అని. తంజావూరు రాజు కబురు పెట్టినా, కానుకలు పంపినా వద్దన్నాడని ఆ కృతి వెనక కథ చెబుతారు. మామగారు దేవుడి పాట అంటున్నది ఇలాంటి వాటినే. పైకి అది దేవుడి పాటే. ఏలినవాడిని నా గొంతుతో పొగడను అని ఒక మనిషి తీసుకున్న నిర్ణయం కూడా అందులోనే ఉంది. ప్రచార రథం మీద ఉన్నది నిఖార్సయిన నరస్తుతి. ఏ పార్టీదయినా అంతే, ఆ విషయంలో అందరిదీ ఒకటే బడి.

ఇక స్టెప్పులు. మీ పిన్ని చేసే పనికి జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఈ మాట దగ్గర కాస్త ఆగు. అంగన్‌వాడీ కేంద్రాలు నడిపే ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, 1975 అక్టోబరు 2న మొదలైంది. అప్పటినుంచీ వీళ్ళను ఉద్యోగులనకుండా కార్యకర్తలు అన్నారు, అంటే స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్ళని. సేవ చేసేవాళ్ళకు ఇచ్చేది జీతం కాదు కాబట్టి గౌరవ వేతనం. ఆ సమ్మె నాటికి మన రాష్ట్రంలో టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. పిల్లల బరువులు తూచి రాయాలి, గర్భిణుల లెక్క చూడాలి, గుడ్లూ పాలూ పంచాలి, ఫోన్‌లో యాప్ నింపాలి. గౌరవం మాటలో ఉంది, మిగతాదంతా పనిలో ఉంది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వీళ్ళకు గ్రాట్యుటీ చట్టం, అంటే పని చాలించేటప్పుడు సర్వీసును బట్టి డబ్బు ఇవ్వాలనే చట్టం, వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆ సమ్మెలో గ్రాట్యుటీ కూడా ఒక డిమాండు. సమ్మె నడుస్తుండగానే జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలవాళ్ళ మీద ప్రయోగించే చట్టం అది. గమనించావా, డబ్బులివ్వాల్సి వస్తే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ. రెండో చరణం దగ్గర నీ గొంతు పట్టేసింది ఊరికే కాదేమో. చిన్నప్పటినుంచీ పిన్నిని చూస్తున్నావు గదా, ఈ సంగతులు నీ లోపల ఎక్కడో ముందే ఉన్నాయి, జోల బాణీ వాటిని పైకి లాగింది. అలా అయితే ఆ ఆన్సరుకు స్టెప్పులు ఉన్నట్టే. లేదూ, ఇవన్నీ నేను చెబితేనే తెలిశాయి అంటే కంగారు పడకు. ఈ ఆదివారం పిన్ని ఇంటికి వెళ్ళు. పాట గురించి కాకుండా ఆమె పని గురించి అడుగు. సమ్మె ముగిసిన రోజు మీకేం ఒప్పుకున్నారు, ఏం ఇచ్చారు, ఏం ఆగిపోయింది అని అడుగు.

మామగారి సంగతికి వస్తాను. నాకు ఆయన మీద కోపం రావడం లేదు. కాటిసీను పద్యాలు నోటికొచ్చిన మనిషి మీద నేను కోప్పడలేను, అది నా బలహీనత. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల హరిశ్చంద్ర నాటకం ఆడితే తెల్లవారుజామున కాటిసీను కోసమే జనం నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్ళు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడే, జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాలు జాషువావి. ఆయన రాసిన ఖండికలోంచి తెచ్చి నటులు నాటకంలో చేర్చుకున్నారు. జాషువా 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో పడరాని అవమానాలు పడి, 1971లో గుంటూరులోనే కన్నుమూసిన కవి. ఆ పద్యాల్లో ఒకటి, ఈ శ్మశానంలో అస్పృశ్యత తిరగడానికి చోటు లేదు అంటుంది. ఆ మాట ఊరి మధ్య అరుగు మీద నిలబడి చెబితే ఆ రోజుల్లో ఏమయ్యేదో మామగారికి తెలుసు. అదే మాట హార్మోనియం శ్రుతిలో, రాగం తీసి, కాటికాపరి వేషంలో చెబితే అన్ని కులాలవాళ్ళూ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పాడమన్నారు. విని ఇంటికి వెళ్ళి గ్లాసులు వేరుగా పెట్టడం మానేశారా అంటే చాలామంది మానలేదు. మా అమ్మ సజ్జలాగా, కొందరి చెయ్యి మాత్రం ఎక్కడో ఆగి ఉంటుంది. అంటే మీ మామగారు ఇన్నేళ్ళుగా స్నానాల గదిలో పాడుకుంటున్నది కూడా దేవుడి పాట ఒక్కటే కాదు.

ఆయన తెల్లారే వినే గొంతు సంగతీ అంతే. ఘంటసాల 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చిన మనిషి. సినిమాల్లో పేరు ఆ తర్వాతి మాట.

మన వైపు వాళ్ళకు పాటా రాజకీయమూ కలవకూడదనే మాట ఎప్పుడు వచ్చి చేరిందో నాకు అర్థం కాదు. బుర్రకథ చూడు. మధ్యలో కథకుడు, తంబురా ఆయన చేతిలో. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు పట్టుకుని. ఒకడి పేరు హాస్యం, రెండోవాడి పేరు రాజకీయం. ఆ పేరు ఎవరో విమర్శకులు పెట్టింది కాదు, కళాకారులే పెట్టుకున్నారు. పల్నాటి యుద్ధం కథ నడుస్తుంటే మధ్యలో రాజకీయం వంత లేచి ఇవాళ్టి బియ్యం ధర ఎత్తుకుంటాడు. జనం నవ్వుతారు, తర్వాత మళ్ళీ తందాన తాన. గుంటూరు పక్కనే పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ఊరూరా తిప్పాడు. కమ్యూనిస్టుల కళా సంఘం ప్రజానాట్యమండలి ప్రదర్శనల మీద అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధాలు పెట్టిన కాలం చూశాడు. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. గద్దె మీద ఉన్నవాళ్ళకు పాట భయం వేసే రోజూ ఉంటుంది, ముచ్చటేసే రోజూ ఉంటుంది.

ఇదంతా తీసుకెళ్ళి మామగారి ముందు వాదన పెట్టమని రాయడం లేదు సుమా. వాదనలో కోడలు గెలిస్తే ఇంట్లో ఆ గెలుపు ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు బాగా తెలుసు. ఒక సాయంత్రం ఆయన్ని కాటిసీను పద్యం ఒకటి పాడమను. నీకు శ్రుతిపెట్టె ఉండే ఉంటుంది, పక్కన కూర్చుని శ్రుతి వెయ్యి. పద్యనాటకం అభిమానిని పాడమంటే వద్దనేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. పాడాక, ఈ పద్యం ఎవరిది మామయ్యా అని అడుగు. ఆయనకు తెలిసే ఉంటుంది, గుంటూరు మనిషి. అక్కడితో వదిలెయ్యి. మర్నాడో ఆ మర్నాడో నీ జోలపాట మాటలు ఒక కాగితం మీద రాసి చూపించు. ఆయన వీడియో చూశారు గానీ మాటలు విని ఉండరు. వీడియోలో ఆయనకు కనిపించింది వెనక కట్టిన జెండాలు, కోడలి మొహం.

ఇంకొకటి. ఆయన కోపం అడుగున భయం ఉండొచ్చు. నువ్వు ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నావు. మేనేజ్‌మెంటు పిలిచి అడిగితే? రేపు ఇంకెవరో ఆ వీడియోకు వేరే మాటలు తగిలించి తిప్పితే? ఇది ఉత్త చాదస్తం అని కొట్టిపారేయలేం. అంచేత మార్చి 8న వీడియో ఎవరు తీస్తారు, ఎక్కడ పెడతారు అని నిర్వాహకులను ముందే అడుగు. వద్దంటే వద్దని చెప్పడంలో పిరికితనం ఏమీ లేదు. సభలో ఉన్న రెండొందల మంది వింటే చాలు అనుకోవచ్చు. ఈ మాట మామగారితో కూడా చెప్పు, సగం టెన్షన్ తగ్గుతుంది.

మీవారి మౌనం గురించి రెండే ముక్కలు. ఆయన్ని మార్చి 8న సభకు రమ్మను. వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. ఇప్పుడు దానికోసం రాత్రుళ్ళు పంచాయితీ పెట్టుకోకు.

చప్పట్ల కోసం పాడానా అన్నావు. కొంత అందుకే పాడి ఉంటావు. పాడేవాళ్ళకు చప్పట్లు ఇష్టమే. ఎనిమిదేళ్ళు సరళీస్వరాల నుంచి మొదలుపెట్టి సాధన చేసిన గొంతు ఏడాదికి రెండు పేరంటాల్లో మాత్రమే బయటికొస్తే, నలుగురు తలలు ఊపినప్పుడు పొంగిపోదా? మనసులో ఒక్క ఉద్దేశమే ఉండాలని పట్టుబడితే మనలో ఎవరం నోరు విప్పలేం. నాకు బెంగగా ఉండేది చప్పట్లు కొట్టేవాళ్ళ గురించి. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాట రాసి, పాడి జైలుకు వెళ్ళాడు. సహాయ నిరాకరణ రోజుల్లో ఆ పాట ఆంధ్రదేశమంతా పాకింది. అది పాడని ఊరేగింపు లేదంటారు. స్వరాజ్యం వచ్చాక ఆయన మద్రాసులో పేదరికంలో బతికి 1952లో పోయాడు. ఆ పాటకు ఉప్పొంగిన గుండెలు ఎన్ని వేలో, అందులో ఐదో రోజు దాకా నిలిచినవి ఎన్నో. ఆయన అద్దె ఎవరు కట్టారో అని నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. పాట గొప్పదే, పాడినవాళ్ళూ మోసగాళ్ళేం కాదు. పాట అయిపోయాక అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు, అంతే జరిగింది.

కాబట్టి మార్చి 8న పాడు. పాడే పద్ధతి గురించి, సంగీతం తెలిసినదానివి కనుక, కొంచెం చాదస్తంగా చెబుతాను. జోల బాణీ అన్నావు, నవరోజు రాగం ఛాయ ఉంటుందనుకుంటాను. ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే సంగతులు వెయ్యకు. స్వరాన్ని ఊపే గమకం ఎంత తగ్గిస్తే అంత మంచిది. శాస్త్రీయం నేర్చుకున్నవాళ్ళం ఇలాంటి పాట దొరకగానే రాగాన్ని చూపించాలని తహతహలాడతాం, జనం ఆహా అంటారు, మాట మునిగిపోతుంది. ఈ పాటలో వినపడాల్సింది మాట. మొదలుపెట్టే ముందు, ఇది ఫలానా సెంటరు టీచర్లు కట్టుకున్న పాట అని చెప్పు. నీ పాట అయిపోకూడదు అది. పిన్నినీ ఇంకొకామెనూ అటూ ఇటూ నిలబెట్టుకో, బుర్రకథలో వంతల్లాగా. రెండో చరణం దగ్గర మళ్ళీ నీ గొంతు పూడుకుపోతే పోనీ, సిగ్గుపడకు. వాళ్ళు అందుకుంటారు. వాళ్ళ పాటే గదా.

నువ్వు రాసి పంపిన దాంట్లో ఆ రెండో చరణం సంగతి తప్ప అందులో మాటలేమిటో లేవు. గొంతు పూడుకుపోయింది కాబట్టి నీకూ పూర్తిగా వచ్చి ఉండవు. ఆదివారం వెళ్ళినప్పుడు పిన్నితో చెప్పించుకుని రాసుకో. నాకూ ఒక కాపీ పంపించు.